పావు చెంచా సోడా

బావ ఏ పనీ ఒక్కసారిగా చెయ్యడు. పావు వంతు చేసి ఆగుతాడు. ఆగి చూస్తాడు. కొంపేం మునగలేదని నమ్మకం కుదిరాక ఇంకో పావు చేస్తాడు. కళ్ళద్దాల షాపు ఆయనది. లెన్సుల నంబర్లు పావు పావు చొప్పున పెరుగుతాయి కాబట్టి లోకం కూడా అలాగే నడవాలని ఆయన పట్టుదల. టీ పావు గ్లాసు చొప్పున నాలుగుసార్లు తాగుతాడు. పెళ్ళికి సరేననడానికి కూడా నాలుగుసార్లు వచ్చాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. అక్క చెల్లెలు, అంటే ఆయన మరదలు, ఆయనకి పావు బావ అని పేరు పెట్టింది. ఆయన నొచ్చుకోలేదు. నొచ్చుకున్నా పావు వంతే నొచ్చుకుని ఉంటాడు.

చెడ్డవార్త చెప్పడంలో అయితే ఆయన్ని మించినవాడు లేడు. ఒకసారి అక్కకి ఫోను చేశాడు.

"స్కూటరు బాగానే ఉంది."

"బాగుంటే ఎందుకు చెప్తున్నారు?"

"వెనక చక్రం బాగానే ఉంది."

"మరి ముందుది?"

"అదీ బాగానే ఉంది. స్కూటరు దగ్గర లేదు."

ఆ ఇంట్లో మరదలికి నవ్వొచ్చేది ఈ పావులకే. మిగతా వేళంతా భయమే. అద్దకం ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఒకరోజు ఒక డబ్బాకి బదులు పక్క డబ్బాలోని రంగు కలిపేసింది. తానులకి తానులు పాడైపోయాయి, ఉద్యోగం పోయింది, అక్క దగ్గరికి వచ్చి చేరింది. అప్పట్నించీ గ్యాసు కట్టేసి వచ్చాక కూడా మళ్ళీ వెళ్ళి చూస్తుంది. వేరే మిల్లువాళ్ళు ఇంటర్వ్యూకి రమ్మంటే, "నా చెయ్యి మంచిది కాదక్కా" అని ఊరుకుంది.

బావకి షాపు తరవాత ప్రాణం ముందుగదిలోని ఉప్పునీటి తొట్టె. అందులో రెండు చేపలు, బోలెడు పగడాలు. ఆ పగడాలు చూడ్డానికి పూలే గానీ నిజానికి ప్రాణులు. ఎముక కట్టుకోవడానికి నీళ్ళలోని క్షారాన్ని వాడేసుకుంటాయి. అది తగ్గితే ముడుచుకుపోతాయి. చిన్న గాజుగొట్టంలో తొట్టె నీళ్ళు తీసి, నీలం రంగు వేసి, మందు చుక్కలు ఒక్కొక్కటే వదులుతాడు బావ. ఎన్నో చుక్కకి పసుపు పచ్చగా మారితే క్షారం అంత ఉన్నట్టు. ఎనిమిదికి మారాల్సింది ఒకరోజు ఆరుకే మారిపోయింది. సరిగ్గా అప్పుడే కొత్త లెన్సు మిషను నేర్చుకోడానికి ఆయన పొరుగూరు వెళ్ళాల్సి వచ్చింది.

"మరదలా, తొట్టె నీ చేతిలో పెడుతున్నా."

"నాకొద్దు బావా. చంపేస్తాను."

"ఏం లేదు. వంట సోడా వేస్తే క్షారం పెరుగుతుంది. రోజుకి పావు చెంచా. మంచినీళ్ళలో కరిగించి, పంపు నీళ్ళు తోసే చోట సన్నగా పొయ్యి."

"ఒకేసారి వేసేస్తే పోదూ?"

"తగ్గితే ముడుచుకుంటాయి. ఒక్కసారిగా పెరిగితే చచ్చిపోతాయి."

"సోడా ఏది?"

"షెల్ఫులో ఎడమవైపు డబ్బా. కుడివైపుది మీ అక్క కేకుల్లో వేసే బేకింగ్ పౌడరు. అందులో పులుపూ పిండీ కూడా కలిసి ఉంటాయి. అది తొట్టెలో పడకూడదు."

రెండు డబ్బాలూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. నా వంటింట్లో నాకు తెలీదా అని అక్క ధీమా.

అక్క ప్రయాణానికి కేకు చేసి కట్టి ఇచ్చింది. మర్నాడు ఫోనులో అడిగింది. "కేకు ఎలా ఉంది?"

"పావు తిన్నాను."

"బాగుందా?"

"మిగతాది దాచుకున్నాను."

అక్క పొంగిపోయింది.

ఇక్కడ మరదలికి మాత్రం ముద్ద దిగడం లేదు. చెంచాలో సోడాని చాకుతో చదును చేసి, వెలుతురులో పెట్టి చూసి, కరిగించి, సన్నగా పోసింది. పగడాలు విచ్చుకోలేదు. మర్నాడూ అంతే. పెద్ద పగడం అంచు తెల్లబడుతున్నట్టు అనిపించింది. ఇంకో చెంచా వేస్తే? డబ్బా మూత తీసింది. మూత పెట్టేసి బావకి ఫోను చేసింది.

"ముడుచుకునే ఉన్నాయి బావా."

"మొత్తమా?"

"మొత్తం."

"నిన్నంత?"

మరదలు వెళ్ళి వంగి చూసింది. "పావు వంతు తక్కువేమో."

"చాలు."

ఆ చాలు పట్టుకుని మిగిలిన రోజులు గడిపింది. బావ వచ్చే రోజు పొద్దున సోడా కలుపుతుంటే అక్క వచ్చి చూసి, "అదెందుకు తీశావే? సోడా కుడివైపు పెట్టానుగా. మీ బావ వెళ్ళిన రోజే షెల్ఫు తుడిచి అటుదిటు సర్దాను" అంది.

మరదలు చెంచా కింద పెట్టేసింది. మళ్ళీ అదే. ఒక డబ్బాకి బదులు పక్క డబ్బా. ఇన్ని రోజులుగా బేకింగ్ పౌడరు పోస్తోందన్నమాట. రెండు డబ్బాల్లోంచీ చిటికెడు చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. భయానికి తన నాలిక కూడా చచ్చిపోయిందనుకుంది. ఇక తొట్టె వైపు చూసే ధైర్యం లేక వంటింట్లోనే కూర్చుంది.

సాయంత్రం బావ వచ్చాడు. గుమ్మంలోనే ఎదురెళ్ళింది.

"బావా, చేపలు బాగానే ఉన్నాయి."

బావ చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఈ వరస ఆయనకి తెలియనిదా?

"పంపు కూడా తిరుగుతోంది."

"ఊఁ."

"చెంచా సరైనదే."

"మరి డబ్బా?" అన్నాడు బావ.

మరదలు ఘొల్లుమని, అక్క డబ్బాలు అటుదిటు మార్చిన సంగతి చెప్పేసింది. బావ గాజుగొట్టంలో తొట్టె నీళ్ళు తీసి, నీలం రంగు వేసి ఆమె చేతికే ఇచ్చాడు. "చుక్కలు నువ్వే వెయ్యి."

ఆరో చుక్కకి నీలంగానే ఉంది. ఏడో చుక్కకీ నీలమే. ఎనిమిదో చుక్కకి పసుపుపచ్చగా మారింది. అప్పుడు తలెత్తి చూసింది. పగడాలు నిండుగా విచ్చుకుని ఉన్నాయి.

"రెండు డబ్బాల్లోనూ సోడాయేనమ్మా. పౌడరు నా షాపు సొరుగులో ఉంది" అన్నాడు బావ.

"అంటే నేను తప్పు చేస్తానని మీకు ముందే తెలుసు."

"నువ్వేం తప్పు చేశావు? ఎడమవైపుది తియ్యమన్నాను, తీశావు. మార్చింది మీ అక్క."

"పేరు రాసి అతికించొచ్చుగా."

"నాలుగుసార్లు చదివి, అయిదోసారి నేనే తప్పు రాశానేమో అనుకుంటావు. పౌడరు డబ్బా దాచేస్తే నీమీద నమ్మకం లేదనుకుంటావు. అందుకని ఇలా చేశాను. కానీ అవి ముడుచుకుని కనబడుతున్నా నువ్వు ఒక్కరోజైనా పావు దాటలేదు చూడు, దానికి నేనేం ఏర్పాటూ చెయ్యలేదు. అది నీ చెయ్యే."

మరదలు తన చేతికేసి చూసుకుంది. చాలా కాలానికి ఆ చెయ్యి మీద ఆమెకి కోపం రాలేదు.

వెనక అక్క గొంతు వినిపించింది. "పౌడరు షాపులో ఉంటే నేను కేకులో వేసిందేమిటి?"

బావ తొట్టె వైపు తిరిగాడు. "కేకు రంగు బాగానే వచ్చింది" అన్నాడు.

"ఏమండీ."

"మెత్తగా కూడా ఉంది."

అక్క సంచీ విప్పింది. ముప్పావు కేకు అలాగే ఉంది. చిటికెడు తుంచి నోట్లో వేసుకుని సింకు దగ్గరికి పరిగెత్తింది. "సబ్బు తిన్నట్టుంది. దీన్నా దాచుకున్నానన్నారు?"

"నువ్వు చేసింది పారెయ్యబుద్ధి కాలేదు."

అక్క మొహంలో కోపం, సంతోషం ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చివరికి ప్లేటు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "అయితే కూర్చుని తినండి."

"పావు తింటాను."

"మొత్తం."

మరదలు నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది. తిరిగినదల్లా ఆగి, "బావా, రేపు మిల్లువాళ్ళకి ఫోను చేస్తాను. ఇంటర్వ్యూకి వస్తానని కాదు. ముందు ఆ మిల్లు ఎక్కడుందో అడుగుతాను" అంది.

బావ కళ్ళు గట్టిగా మూసుకుని కేకు ముక్క మింగి, "చాలు" అన్నాడు.