మబ్బు వెనక నెలవంక

తొంభైల చివర విజయవాడలో, నేను టికెట్లు చింపే అంతరిక్ష ప్రదర్శనశాలలో ఆయన గైడు. రాకెట్ నమూనా దగ్గర గడగడా మాట్లాడేవారు. చంద్రుడి బొమ్మ దగ్గరికొస్తే మాత్రం గొంతు తగ్గించి, జేబురుమాలుతో దాని బుగ్గ తుడిచి మొదలుపెట్టేవారు. ఏ రోజు చంద్రుడు ఎక్కడ, ఎంత కనబడతాడో లెక్కగట్టి చెప్పేవారు.

ఓ రంజాన్ నెల చివర, మర్నాడు పామర్రు బడి పిల్లలు వస్తారనగా అడిగాను.

"రేపు మీకు పండగేనా అండీ? మీరు రాకపోతే పిల్లలకి ఎవరు చెప్తారు?"

"చూసి చెప్తానండీ."

సాయంత్రం ఇద్దరం మేడెక్కాం. కృష్ణ మీద ఆకాశమంతా మబ్బే. "ఈపాటికి అక్కడుంటాడు" అని వేలు చూపించారు.

"ఉన్నాడని మీకు తెలుసుగా. ఇంక పండగేగా?"

"తెలిస్తే చాలదండీ, కనబడాలి."

ఎక్కడా కనబడినట్టు కబురు రాలేదు. మర్నాడు ఆయన పనిలోకి వచ్చేశారు. చంద్రుడు ఉన్నాడన్నారుగా, ఉపవాసాలు అయిపోయాయనే లెక్కలో నేను టీ పట్టుకెళ్లాను.

"ఇవాళ కూడా రోజానే అండీ" అని, పిల్లల వైపు తిరిగి చంద్రుడి బుగ్గ తుడిచారు.

"నిన్న సాయంత్రం మన ఊరి మీద నెలవంక ఉందమ్మా, మబ్బు వెనక."

ఆ గొంతులో తడబాటేమీ లేదు. టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయిన నాకే, ఆ రోజు పండగో కాదో ఇప్పటికీ తేలలేదు.