రేడియో చుట్టూ గ్రానైటు పలక

ఎయిర్‌ఫోర్సులో పదిహేనేళ్లు విమానాల రేడియోలు బాగుచేసి, రిటైరై తిరుపతికి వచ్చి, టీవీలు రిపేరు చేసే షాపు పెట్టుకున్నాను. తొంభైల చివరి రోజులవి. ఇంటింటికీ కేబుల్ వచ్చింది కనుక పనికి కొదవ లేదు, మర్యాదకే కొదవ. సీరియల్ టైముకు బొమ్మ రాకపోతే నా వంశాన్ని తిట్టే జనం మధ్య ఉండగా, ఒక మధ్యాహ్నం షాపు ముందర తెల్ల కారు ఆగింది.

దిగినాయన పలమనేరు వైపు గ్రానైటు క్వారీలున్న ఆసామి. ఆయన వెనకే చంకలో కేటలాగులు పెట్టుకుని బావమరిది దిగాడు. చిత్తూరులో మిక్సీలు, ఫ్రిజ్జులు అమ్మే షోరూము అతనిది.

“నువ్వు మిలిటరీలో విమానం రేడియోలు చేసినావంటనే?” అన్నాడు ఆసామి, నేను కుర్చీ చూపకముందే కూర్చుంటూ. “నేనొక విమానం కొన్న్యానప్పా. రేణిగుంటలో నిలబెట్టిండా. దాంట్లో రేడియో పాతది, గొరగొర అంటాది. మంచిదొకటి పెట్టల్ల.”

నలుగురు పట్టే ఒంటి ఇంజను విమానం. ఉత్తరాదిన ఎక్కడో ఇరవై ఏళ్లు కుర్రాళ్లకు ఎగరడం నేర్పి అలిసిపోయిన ముసలిది. విదేశాల నుంచి రాళ్లు కొనడానికి వచ్చేవాళ్లను బెంగళూరు నుంచి నేరుగా తీసుకువచ్చి, దర్శనం చేయించి, క్వారీ చూపించడానికట. అసలు సంగతి నాకు అయిదు నిమిషాల్లో తెలిసిపోయింది. జిల్లాలో ఇంకెవరికీ విమానం లేదు, అందుకని కొన్నాడు.

కేటలాగులు బల్ల మీద పరిచారు. అన్నిట్లోకీ సాదాగా, తిప్పడానికి రెండు మరలు, చిన్న అంకెలతో ఉన్న రేడియో ఒకటి చూపించాను. ఏళ్ల తరబడి వాడి చూసిన రకం. ఎండకు అంకెలు మాసిపోవు, చేతికి మర సరిగ్గా దొరుకుతుంది, చెడితే సామాను మద్రాసులో దొరుకుతుంది. ఆసామి దాన్ని పెళ్లిచూపుల్లో నల్లపిల్లను చూసినట్టు చూశాడు.

“ఇదేందప్పా, కరెంటు ఆఫీసులో మీటరు మాదిరి ఉండాది!”

బావమరిది ఇంకో పేజీ తిప్పాడు. నిగనిగలాడే ముఖం, అగ్గిరవ్వల్లాంటి పెద్ద అంకెలు, పది బటన్లు. “బావా, సూడు ఇది. మన కారులో డాష్‌బోర్డుకు మ్యాచింగు అయితాది.” తర్వాత నా వైపు తిరిగి, “సార్, దీంట్లో క్యాసెట్టు యాడ పెట్టల్ల?” అని అడిగాడు.

విమానం రేడియోలో పాటలు రావని, అది కంట్రోల్ టవరుతో మాట్లాడడానికేనని చెప్పాను. పైలట్ బటన్ నొక్కితే మాట పోతుంది, వదిలితే అవతలి మాట వినిపిస్తుంది. ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకరు మాట్లాడుతుంటే మిగతా విమానాలన్నీ నోరు మూసుకోవాలి. ఈ ఒక్క సంగతి ఆసామి తలకెక్కలేదు. ఆయన నోరు మూసుకోవలసిన అవసరం ఎన్నడూ పడలేదు మరి.

అగ్గిరవ్వల రేడియోనే తెప్పించారు. పెట్టె విప్పి చూస్తే ఇరవైయెనిమిది వోల్టులది. ఆ విమానంలో ఉండేది పద్నాలుగు వోల్టుల కరెంటు. కేటలాగులో రెండు రకాలూ ఉన్నాయి, ఏది రాయాలో నేను కాగితం మీద రాసి ఇచ్చాను కూడా.

“ఎక్కువ ఓల్టు అయితే ఎక్కువ పవర్ గదా అని మార్చి రాసినా సార్,” అన్నాడు బావమరిది, ఉపకారం చేసినవాడిలా.

అది తిరిగి వెళ్లి ఇంకోటి వచ్చేసరికి మామిడికాయల కాలం వచ్చి పోయింది. ఈలోగా యాంటెనాకు వేసే తీగ కోసం నేను మద్రాసు వెళ్లబోతుంటే, షోరూములో ఉండే కేబుల్ టీవీ తీగ చుట్ట తెచ్చి నా ముందర పడేశాడు. “ఇది గూడా తీగే గదా సార్.” ఆ తీగ వేరు, ఈ తీగ వేరు, ఇది వేస్తే గొంతు సగం దారిలోనే చచ్చిపోతుందని చెప్పాను. ఆ చుట్టను నా షాపులోనే ఉంచుకుని టీవీలకు వాడుకున్నాను. ఆ మొత్తం వ్యవహారంలో నాకు దక్కిన లాభం అదొక్కటే.

బిగించే పని మాత్రం నేను ఎవరి మాటా వినకుండా చేశాను. పాత తీగలన్నీ పీకేశాను. రేడియో దూరే కొత్త ట్రే కూర్చి, వెనకాల పిన్నులు ఒక్కొక్కటీ నొక్కి, లాగి చూసి, తీగలు దేనికీ రాసుకోకుండా కట్టలు కట్టాను. పాత యాంటెనా కింద తుప్పు గీకి, రేకు మెరిసేదాకా రుద్ది కొత్తది పెట్టాను. రేణిగుంట ఎండలో ఆ డబ్బా లోపల వెల్లకిలా పడుకుని, డాష్‌బోర్డు కిందికి తల దూర్చి చేసిన పని అది. నాలుగో రోజు టవరును పిలిస్తే అవతలి ఆఫీసరు, “గుడిగంట మాదిరి ఉండాదప్పా నీ గొంతు,” అన్నాడు. లైసెన్సు ఉన్న ఇంజనీరు మద్రాసు నుంచి వచ్చి, అంతా తనిఖీ చేసి సంతకం పెట్టి వెళ్లాడు. నాకు పదేళ్లు వయసు తగ్గినట్టయింది.

మర్నాడు ఆసామి పాత బనియన్లో చుట్టి ఒక వస్తువు తెచ్చాడు. విప్పితే నల్ల గ్రానైటు పలక. అద్దంలా పాలిష్ పట్టి, రేడియో ముఖం పట్టేంత కన్నం మధ్యలో కోయించాడు.

“మా రాయి జపానుకు పోతాది. నా విమానంలో నా రేడియో సుట్టూ ఉండకూడదా?”

“విమానంలో రాయి పెడతారా సార్ ఎవరన్నా? ఇంజనీరు సంతకం పెట్టినాక చిన్న చీల గూడా కొత్తగా కొట్టకూడదు,” అన్నాను.

“సంతకం ఆయనది, విమానం నాది.”

“అయితే బిగించేది గూడా మీరే బిగించుకోండి. రాళ్లు కొట్టే పని నాది కాదు.”

ఆ మాట అని, పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని వచ్చేశాను. దారి పొడవునా ఆ మాట ఎంత బాగా అన్నానో తలుచుకుని మురిసిపోయాను. ఇంజనీరుకు ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. అలిగినవాడికి అలాంటివి తోచవు.

మూడో రోజు విమానం ఎగురుతుందని కబురు వచ్చింది. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. పైలట్ మద్రాసు వైపు పెద్దాయన, రిటైరైనవాడు, మాట తక్కువ. ఆయన పక్కన ఆసామి కొత్త చలవ అద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. పలక బిగించేసి ఉంది. తలుపు మూసుకునేముందు ఆసామి దాని మీద దుమ్ము తుడిచి, నాకు కనబడేలా నవ్వాడు.

విమానం లేచింది. నేను, బావమరిది షెడ్డు నీడలో నిలబడ్డాం. నా చేతిలో వినడానికి మాత్రమే పనికొచ్చే చిన్న రిసీవరు ఉంది. పైలట్ టవరుతో మాట్లాడిన నాలుగు ముక్కలూ స్పష్టంగా వినిపించాయి. లోపల నాకు గర్వంగానే ఉంది. కాసేపటికి టిక్కుమని ఒక శబ్దం, ఆ వెనకే ఆసామి గొంతు.

“ఆ మిలిటరాయన పని బాగానే సేస్తాడు కెప్టెన్. నోరే మంచిది కాదు. లోకంలో తనకొక్కడికే తెలివి ఉండాదనుకుంటాడు.”

నేను రిసీవరు వైపు చూశాను. బావమరిది నా వైపు చూశాడు. ఆసామి బటన్ నొక్కలేదు, ఆయన ముందర బటనే లేదు. ఎక్కడో తీగ కలిసిపోయి రేడియో తనంతట తాను మాటలు బయటికి పంపిస్తోంది. అది అలా ఉన్నంతసేపు ఆ ఫ్రీక్వెన్సీ మీద ఇంకెవరి మాటా సాగదు.

“మా బావమరిది ఉండాడే, వానికి బల్బు మార్చేది గూడా రాదు. వాళ్లక్క పోరు పడలేక ఎంట తిప్పుకుంటాండా. షోరూము గూడా నేను పెట్టిచ్చిందే. ఆడ కూసోని ఈగలు తోలతాడు.”

రిసీవరు ఆపేద్దామని మర మీద చెయ్యి వేశాను. “ఉండనీ సార్,” అన్నాడు బావమరిది నెమ్మదిగా. “ఇంకేమంటాడో ఇననీ.”

ఆసామి ఇంకా చాలా అన్నాడు. క్వారీ పర్మిట్లు ఇచ్చే ఆఫీసర్ల సంగతి అన్నాడు, పక్క క్వారీ వాళ్ల సంగతి అన్నాడు. తర్వాత హుషారొచ్చి, చిన్నప్పుడు ఊళ్లో నాటకంలో పాడిన పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీసి, తీసి, శ్రుతి ఎక్కడో పలమనేరులో వదిలేసి పాడాడు. పైలట్ పాపం మధ్యమధ్య “ఎస్ సార్” అంటున్నాడు. హైదరాబాదు నుంచి ప్రయాణికుల విమానం దిగవలసిన వేళ అది. టవరులో ఆఫీసరు దాన్ని పిలవలేక, మద్రాసుకు ఫోను చేసి, వాళ్ల ద్వారా వేరే ఫ్రీక్వెన్సీ మీద దాన్ని పైనే తిరగమని చెప్పించాడని తర్వాత తెలిసింది.

పద్యం రెండోసారి ఎత్తుకోబోతుంటే పైలట్ గొంతు వినిపించింది. “సార్, ఒక్క నిమిషం. టవరు చాలా సేపటి నుంచి మాట్లాడడం లేదు.” ఆ వెంటనే రిసీవరు చప్పున మూగబోయింది. పెద్దాయన రేడియో స్విచ్ ఆపేశాడు. విమానం వెనక్కి తిరిగి వచ్చింది. టవరు మీది నుంచి దిగమని పచ్చదీపం చూపించారు, అది చూసుకుని దిగింది.

ఆసామి దిగుతూనే ఎగిరాడు. “ఏందప్పా నీ రేడియో! ఒక్క గొంతు గూడా ఇనబడలేదే!”

“మీదొక్కటే ఇనబడింది సార్, జిల్లా అంతా,” అన్నాను.

అప్పటికి టవరు ఆఫీసరు మెట్లు దిగి వచ్చాడు. “పద్యం బాగా పాడినారు సార్. అయితే పైన విమానంలో జనమంతా మీ పద్యం అయ్యేదాకా గిరగిరా తిరగాల్సి వచ్చింది. రాతపూర్వకంగా రిపోర్టు వచ్చేదాకా ఈ విమానం కదిలేది లేదు,” అన్నాడు. ఆసామి చలవ అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, బావమరిది కోసం అటూ ఇటూ చూశాడు. అతను ఎదురుగానే ఉన్నాడు. ఆసామి కారెక్కి వెళ్లిపోయాడు. క్షమించమని ఎవరినీ అడగలేదు, ఆనాడూ ఆ తర్వాతా.

నేను డాష్‌బోర్డు కిందికి దూరాను. పలకకు నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. అందులో ఒకటి పొడుగైనది, లోపల మాట పంపే బటన్ తీగ మీదికి దిగబడి ఉంది. ఇంజను అదురుకు తీగ తొడుగు తెగి, రాగి ఇనుముకు తగిలి, బటన్ నొక్కి పట్టినట్టే అయింది. అంతే. మాట పోతున్నట్టు చూపే చిన్న అక్షరం రేడియో మూలలో వెలుగుతుంది, దాన్ని పలక అంచు కప్పేసింది. నేను మెచ్చిన సాదా రేడియో పెట్టి ఉన్నా ఆ స్క్రూ ఆ తీగను కొరికేదే.

బావమరిది విమానం రెక్క కింద నిలబడి ఉన్నాడు. స్క్రూ అతని అరచేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూశాడు.

“నేనే బిగించినా సార్. మూడు దొరికినాయి, నాలుగోది పొట్టిది దొరకలా,” అన్నాడు. స్క్రూ జేబులో వేసుకుంటూ, “బల్బు మార్చేది నాకొస్తాది సార్,” అన్నాడు.

ఆర్నెల్లుగా ఆ మనిషిని వెక్కిరిస్తూ వచ్చాను. షాపుకొచ్చిన ప్రతివాడికీ వోల్టుల కథ చెప్పి నవ్వించాను. “రా అబ్బా, ఆ టార్చి పట్టుకో,” అన్నాను. ఆ సాయంత్రం దాకా ఇద్దరం కలిసి తీగ మార్చాం. ఎక్కడ తొడుగు ఒలవాలో, ఎంత నొక్కాలో చూపిస్తే ఇట్టే పట్టుకున్నాడు. చెప్పేవాళ్లు లేక చెడిపోయిన చేతులు అవి.

రిపోర్టు రాయడం నా వంతయింది. పలక పెట్టించింది ఆసామి, బిగించింది బావమరిది అని రెండు వాక్యాల్లో ముగించవచ్చు. రాశాను కూడా. ఇంజనీరు చదివి, కాగితం వెనక్కి తోసి, “పలక పెడతారని నీకు తెలుసా?” అని అడిగాడు. తెలుసన్నాను. “నాకెందుకు చెప్పలేదు?” మూడో వాక్యం కలిపాను. ‘పలక బిగించబోతున్నారని తెలిసీ ఎవరికీ చెప్పకుండా, తర్వాత చూడకుండా వెళ్లిపోయాను.’ ఆ ఒక్క వాక్యం రాయడానికి పట్టినంతసేపు రేడియో మొత్తం బిగించడానికి కూడా పట్టలేదనిపించింది.

ఆ తర్వాత ఇంజనీరు నన్ను ఏడాదిపాటు ఏ విమానం దగ్గరికీ రానివ్వలేదు. మళ్లీ టీవీలే. విమానాన్ని ఆసామి నాలుగైదుసార్లు ఎగిరించి, మోజు తీరి, బెంగళూరులో ఎవరికో అమ్మేశాడు. బావమరిది షోరూమును బావకే అప్పగించేసి, చిత్తూరు బస్టాండు దగ్గర మోటార్లకు, జనరేటర్లకు వైరింగు చేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. మొదటి ఏడాది ఏ తీగ ఎక్కడ కలపాలో తెలియక రెండు మూడుసార్లు తిరుపతికి బస్సెక్కి వచ్చాడు. నేను ముందు కాసేపు వెటకారం చేసి, తర్వాత చెప్పేవాణ్ణి. నవ్వుతూ వినేవాడు.