అద్దం లేని నీళ్లు

దారిలో లిఫ్టు ఇచ్చిన వ్యాను వెనక ఎక్కి కాళ్లు చాపుకోబోయాను.

"ముడుచుకోండి తాతగారూ, దొరసాని పడుకుంది!" అంది లోపలున్నావిడ.

చూస్తే, తడి గోనెపట్టా కింద బండంత తాబేలు!

బీచి పార్కు అక్వేరియంలో పెద్ద తొట్టెలోకి మునిగి, అద్దాలను లోపలి నుంచి తుడవడం ఆవిడ పని. వలలో చిక్కి గాయపడిన ఈ తాబేలును పిల్లగా ఉన్నప్పటి నుంచి సాకింది. ఇవాళ సముద్రంలో వదలాలి. ఎన్ని రేవులు తిరిగినా, ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇలాంటి అప్పగింత నేను చూడలేదు.

"వెళ్తుందంటావా అమ్మా?"

"అదే నా బెంగ. నాలుగు బారలు ఈది వెనక్కి తిరగడం దీనికి అలవాటు. అక్కడ అద్దం ఉంటుందనుకుంటుంది పిచ్చి మొహం."

అన్నంతా అయింది. తీరం చేరాక, నీళ్లలో దిగిన తాబేలు కాస్త దూరం ఈది, ఎదురుగా గోడ ఉన్నట్టే వెనక్కి తిరిగింది. ఆవిడ నడుము లోతుకు పరుగెత్తి, దాని ముందున్న నీళ్లను అద్దం తుడిచినట్టే అరచేత్తో అటూ ఇటూ తుడిచింది.

"చూడవే, ఏమీ లేదు. పో!"

తాబేలు ఆ చేతి వెంటే కదిలి, అద్దం ఉండాల్సిన చోటు దాటింది. ఇక ఆగలేదు. సముద్రం అప్పుడే పుట్టినట్టనిపించింది నాకు.

తేరుకుని చూసేసరికి ఆవిడ గోనెపట్టా పిండి భుజాన వేసుకుని, నావైపు చూడకుండా, తాబేలులాగే ఆగకుండా వ్యానును కూడా దాటి నడిచి వెళ్లిపోతోంది.