ఇంటికి బూడిద రంగు వేసిన పెళ్లికొడుకు

ఒక గోడ వల్ల నా పెళ్లి ఆగిపోయేంత పనైంది. పాపం గోడ తప్పేమీ లేదు, దానికి రంగు వేసిన వాడిదే తప్పు. ఆ వేసిన వాణ్ణి నేనే. ఈ ఘోరం చదివి మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో వాళ్లు ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, వాళ్ల పక్కన మీకూ కాస్త చోటుంటుంది.

యాభైల నాటి మాట. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో నేను గుమాస్తాను. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయడం వచ్చు కాబట్టి లోకంలో నాకు రానిదంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. అప్పుడే ఎమ్మిగనూరులో ఒక పిల్లను చూసి వచ్చాం. పేరు పార్వతి. వాళ్లింట్లో అడుగుపెడుతూనే నేను గడప తన్నుకుని తూలితే, ఆ పిల్ల లోపలి వాకిట్లో నిలబడి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని నేను అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

కానీ వాళ్ల నాయన రుద్రప్ప అంత తొందరగా తేలే మనిషి కాదు. ఆయనకు సున్నపు బట్టీ ఉంది. "పిల్ల కాపురం చేసే ఇల్లు కండ్లారా చూసుకోవల్ల. వచ్చే ఆదివారం మా అమ్మను పిల్చుకోని వస్తా. ఆమె సరే అంటే సరే" అన్నాడు.

ఇక నాకు మా ఇంటి మీద దిగులు పట్టుకుంది. మా నాయన సాయంత్రం పూట నడవలో ఒకే చోట గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఏళ్ల తరబడి ఆయన తల నూనె అంటి అక్కడ గుండ్రంగా ఒక మరక తేలింది. మా ఇంట్లో గోడ మీద బొమ్మంటూ ఉంటే అదొక్కటే.

"సున్నం కొడితే సరిపోతుంది కదరా" అన్నాడు నాయన.

సున్నం అందరూ కొడతారు. నా తలలో అప్పటికే వేరే పురుగు తొలుస్తోంది. అంతకు ముందు వారమే మిల్లు పని మీద కౌతాళం పక్కన కాలువ ఇంజనీరుగారి కొత్త బంగళాకు వెళ్లాను. లోపల గోడలన్నీ బూడిద రంగు. చల్లగా, గంభీరంగా, ఎంతో చదువుకున్నట్టుగా ఉన్నాయి ఆ గోడలు. పెద్దవాళ్లు ఇళ్లు ఇలా పెట్టుకుంటారు కాబోలు అనుకున్నాను. ఆ రంగేమిటని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. అడిగితే చిన్నతనం కదా!

మిల్లు బాయిలరు మసి ఒక సంచి నిండా ఇంటికి మోసుకొచ్చాను. అమ్మ చూసింది.

"ఏందప్పా ఇది?"

"రంగుమా. సున్నంలో కలిపితే బూడిద రంగు వస్తాది."

"పెండ్లి మాట్లాడేదానికి వచ్చేవాళ్లకు బూడిద సూపిస్తావా?"

"నీకు తెలీదులేమా. ఇప్పుడు పెద్ద పెద్ద బంగళాల్లో ఇదే."

అమ్మ లోపలికి వెళ్లింది. తుమ్మబంక నానబెట్టిన ముంత తెచ్చి నా పక్కన పెట్టింది. "ఇదన్నా పొయ్యి నాయనా. బంక లేకుంటే రంగు గోడను పట్టుకోదు" అని పనిలోకి వెళ్లింది.

ముంతలోకి తొంగి చూశాను. బంక నీళ్లు బెల్లం పానకంలా ఎర్రగా ఉన్నాయి. ఇది పోస్తే నా రంగు గతేం కాను? ఆ చదువుకున్న చల్లదనం ఏం కావాలి? అమ్మ అటు తిరగగానే ముంత తీసుకెళ్లి పెరట్లో మోరీలో ఒంపేశాను. నా జీవితంలో నేను తీసుకున్న నిర్ణయాల్లో ఇంత వేగంగా తీసుకున్నది ఇంకొకటి లేదు.

శనివారమంతా కొట్టాను. తడి మీద ముదురుగా ఉన్న రంగు ఆరేసరికి తేలిపోతోంది. మళ్లీ మసి, మళ్లీ సున్నం, మళ్లీ ఒక పూత. నడవ అయింది, గది అయింది, గూళ్లయ్యాయి. ఊపు ఆగక తలుపు తెర కూడా అదే తొట్టిలో ముంచి ఆరేశాను. అది ఎండి అప్పడంలా బిగుసుకుని, తలుపుకు అడ్డంగా నిలబడింది తప్ప వేలాడలేదు.

పక్కింటి మస్తానన్న గుమ్మంలో నిలబడి ఇల్లంతా కలయజూశాడు. ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

"ఎప్పుడు అంటుకునింది భాయ్? నాకొక కేక వేయకపోతివే. నీళ్లన్నా తెస్తా ఉంటిని."

"కాల్లేదన్నా. రంగు వేసినాను."

"వేసినావా?" అని కాసేపు ఆలోచించి, "అయితే నేను చేసేదేం లేదులే" అని వెళ్లిపోయాడు.

ఆదివారం ఎమ్మిగనూరు బస్సులో రుద్రప్ప, ఆయన తల్లి గౌరమ్మవ్వ దిగారు. ఆయనది మల్లెపువ్వు లాంటి పంచె, గంజి పెట్టిన తెల్లచొక్కా. అవ్వది తెల్లచీర. నడవలో జంఖానా పరిచి కూర్చోబెట్టాం. వేసవి ఎండకు ఒళ్లంతా చెమట. వచ్చిన వాళ్లిద్దరూ చల్లగా ఉందని గోడకు వీపులు ఆనించారు. వాళ్లకు మర్యాదగా పక్కన నాయన ఆనుకున్నాడు, నాయన పక్కన నేను ఆనుకున్నాను. అమ్మ పసుపుపచ్చ చీర కట్టుకుని వంటింట్లోకీ నడవలోకీ తిరుగుతూనే ఉంది. నీళ్లు, బొరుగులు, బజ్జీలు, తర్వాత భోజనం, తర్వాత ఆకూవక్కా.

రుద్రప్ప గోడల వంక అదే పనిగా చూస్తున్నాడు. మెచ్చుకుంటున్నాడని నేను ఉబ్బిపోయాను.

"ఇదేం రంగప్పా?" అన్నాడు చివరికి.

"ఇప్పుడు అంతా ఇదేనండి. కౌతాళం పక్కన కాలువ ఇంజనీరుగారి కొత్త బంగళా లేదూ? లోపలంతా ఇదే రంగు."

ఆయన ఆకు నమలడం ఆపాడు. "ఆ బంగళాకు సున్నం తోలింది నేనే. మొన్న బుధవారమే కొట్టినారు. నువ్వు సూసింది రంగు కాదప్పా. వట్టి సిమెంటు. నువ్వు సూసిననాటికి ఇంగా సున్నం పడలేదు దానికి."

నాయన నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపు గురించి రాయకుండా వదిలేస్తున్నాను.

"సరే, బస్సు టైమైంది, లేస్తాం" అని రుద్రప్ప లేచి, చెప్పుల కోసం అటు తిరిగాడు. ఆయన తెల్లచొక్కా వెనక భుజాల నుంచి నడుము దాకా నా బూడిద రంగంతా అచ్చుపడి ఉంది. ఆయన కూర్చున్న చోట గోడ మాత్రం తెల్లబడింది.

గౌరమ్మవ్వ కొడుకు వీపు చూసింది. తన కొంగు ముందుకు లాక్కుని చూసుకుంది. అయిపోయింది, పార్వతి పోయింది, గడప దగ్గర చూసిన ఆ నవ్వు ఇక ఎవరింట్లోనో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వు తిరుగు" అంది అవ్వ మా నాయనతో. ఆయన తిరిగాడు. బూడిద. "నువ్వూ తిరుగప్పా" అంది నాతో. తిరిగాను. నా వీపు ఎలా ఉందో నాకు తెలియదు కానీ రుద్రప్పకు దగ్గొచ్చింది.

అవ్వ వంటింటి వైపు చూసి, "అమ్మా, నువ్వొకసారి ఇట్ల రా. తిరుగు" అంది. అమ్మ సిగ్గుపడుతూ తిరిగింది. పసుపుపచ్చ చీర మీద ఒక్క మరక లేదు.

"పొద్దున్నుంచి యాడా ఆనుకోలేదా తల్లీ?"

"యాడ తీరిందవ్వా" అంది అమ్మ.

అంత వయసొచ్చినా అమ్మ వీపు వైపు నేను ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తెలిసింది. ఆ నిమిషంలో మాత్రం రంగు గురించి కాదు నేను సిగ్గుపడింది.

అవ్వ కొడుకు వైపు తిరిగింది. "పిల్లనిద్దాం రా. ఒళ్లొంచి పని చేసే అత్త కోడలిని సతాయించదు. ఈమెను సూసి ఇస్తాండాం." తర్వాత నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఈ పిల్లోనికి ఏం పని చెప్పినా, చేసినాడో లేదో వీపు సూసి కనుక్కోవచ్చు. అది అందరి మొగుళ్లలో ఉండే సదుపాయం కాదు" అంది.

రుద్రప్ప బండెడు సున్నం పంపాడు. బంక కలిపి, పెళ్లిలోపు ఇల్లంతా నేనే కొట్టాలని అవ్వ షరతు పెట్టింది. కొట్టాను. అమ్మను ముందు పీట మీద కూర్చోబెట్టి మరీ కొట్టాను. అలవాటు లేక ఆమె మూడుసార్లు లేచిపోయింది.

అందువల్ల, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. బూడిద రంగు జోలికి ఈ జన్మలో పోను. పెద్దల బంగళాల్లో ఏం కనిపించినా, సున్నం పడిందా లేదా అని అడక్కుండా మెచ్చుకోను. అమ్మ ఇచ్చిన బంక ఒలకబోయను. పగటి పూట గోడకు ఆనుకోను. ఈ చివరి మాట రాస్తూ ఉండగానే వంటింట్లోంచి పార్వతి కేకేసింది, "ఏమయ్యా, ఏం సేస్తాండావు?" అని. పని చేస్తున్నానన్నాను. చేతులు తుడుచుకుంటూ నడవలోకి వచ్చి నిలబడింది.

"అట్లనా. ఏదీ, ఒకసారి తిరుగు."