మన దగ్గర, మా దగ్గర

“వచ్చేయనా?” అని అక్క అడిగినప్పుడు నేను “పర్లేదు” అన్నాను. వచ్చెయ్ అనే ఉద్దేశంతోనే అన్నాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పడిన వాన గురించి రాసి ఊరుకున్నాను.

అక్క హనోయిలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. నేను షేక్‌పేటలో మేడ మీది గదిలో అద్దెకుంటూ, ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న ఆఫీసులో సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాస్తాను. అమ్మ పోయాక మా ఇద్దరికీ మేమిద్దరమే. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం. నేను మాటలు వెతుక్కుంటానని అక్కే ఒక ఆట కనిపెట్టింది. రెండు దేశాలకీ మ్యాచ్. ఎక్కడ బతకడం నయమో తేల్చాలి.

“ఇక్కడ చీకటి పడ్డాక కూడా ఆడవాళ్ళు ఒక్కళ్ళే చెరువు చుట్టూ నడుస్తారే. పెద్దావిడలైతే పాటలు పెట్టుకుని డాన్సులు చేస్తారు. ఎవడూ తేరిపార చూడడు. వీళ్ళకో పాయింటు” అనేది.

నాకు ఆఫీసుకు నడిచే దారి గుర్తొచ్చేది. జూబ్లీహిల్స్ వైపు బంగళాల ముందు ఫుట్‌పాత్ మీద పూలకుండీలు, జనరేటర్లు, వాచ్‌మన్ల కుర్చీలు ఉంటాయి. మాలాంటివాళ్ళం కార్లకు ఆనుకుని నడవాలి. పాయింటు ఇచ్చేశాను.

కుళాయి నీళ్ళ దగ్గర డ్రా అయింది. అక్కడా తాగరు, ఇక్కడా తాగం. వానకు రోడ్లు మునగడం కూడా డ్రానే. చలికాలం పీల్చే గాలి విషయంలో మాత్రం మనమే గెలిచామని అక్క దగ్గుతూ ఒప్పుకుంది.

ఒకసారి తనకి ఒంట్లో బాగోలేదు. డాక్టరు దగ్గర “కడుపులో తిప్పుతోంది” అని ఫోన్‌కి తెలుగులో చెప్పి, వాళ్ళ భాషలోకి మార్చి చూపించిందట. ఆయన అది చదివి, తన గిర్రున తిరిగే కుర్చీలో ఒక చుట్టు తిరిగి, ఇలాగేనా అని సైగ చేశాడట.

“ఆస్పత్రి అద్దంలా ఉందే. వెళ్ళగానే చూశారు కూడా. కానీ నా నొప్పి నాకు చెప్పుకోవడం రాలేదు. మన దగ్గరైతే లైన్లో పక్కనావిడకి చెప్పుకున్నా సగం తగ్గిపోయేది. ఈ పాయింటు మనదే.”

హైదరాబాద్ అని ఎప్పుడూ అనేది కాదు. “మన దగ్గర” అనేది.

కింద ఉండే ఓనరమ్మ బట్టలు ఆరేయడానికి వచ్చినప్పుడల్లా ఫోన్‌లోకి తొంగి చూసేది. “ఏం బిడ్డా, గాడ పాములు తింటరంట గద! నువ్వు గూడ తింటున్నవా ఏంది?”

“ఇంకా లేదండీ. మీరొచ్చి వండిపెడితే తింటా.”

“నీ తెలివి సల్లగుండ! జల్ది రా, మంచి పోరన్ని చూసి లగ్గం చేస్త.”

అక్క పగలబడి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం, స్కూలువాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమని అడిగారని చెప్పింది. మర్నాటికల్లా చెప్పాలి. ఆ రోజు మ్యాచ్ మాట ఎత్తలేదు. గోళ్ళు చూసుకుంటూ, “వచ్చేయనా?” అంది.

తను వస్తే ఈ గది వదిలేసి రెండు గదుల ఇల్లు చూసుకోవచ్చని, పొద్దున్నే ఇద్దరికీ కాఫీ కలపొచ్చని అనుకున్నాను. అక్కడ తను నడవడానికి చెరువుంది. ఇక్కడ నేనున్నాను. “రా” అనడం నాకు చేతకాలేదు. “పర్లేదు” అన్నాను.

మా ఇంట్లో ఆ మాట రెండు రకాలుగా వాడేవాళ్ళం. వచ్చినవాళ్ళు “ఇక్కడ కూర్చోవచ్చా?” అంటే పర్లేదు అనేవాళ్ళం, కూర్చోమని. “ఇంకాస్త కూర వెయ్యనా?” అంటే అమ్మ కంచానికి చెయ్యి అడ్డం పెట్టి పర్లేదు అనేది, వద్దని. అక్క అమ్మ అర్థమే తీసుకుంది.

“సరేలే. నువ్వు బానే ఉన్నావుగా” అంది.

తలూపాను. వాన మొదలైంది, బట్టలు తియ్యమని ఓనరమ్మ కింద నుంచి కేకేసింది. వెళ్ళి తీశాను.

మర్నాడు ఆఫీసులో ఒక సీను నా ముందుకొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు “లోపలికి రావచ్చా?” అంటాడు. ఆ అమ్మాయి తలెత్తకుండా “పర్లేదు” అంటుంది. ‘కమిన్’ అని టైపు చేశాను. పక్క సీటాయన్ని చూడమన్నాను. “కరెక్టేనండీ. అందులో డౌటేముంది?” అన్నాడు. తర్వాతి డైలాగుకు వెళ్ళాను. సాయంత్రం అక్క మెసేజ్ పెట్టింది, సంతకం పెట్టేశానని. బొటనవేలి బొమ్మ పంపాను.

ఇప్పుడూ ఆదివారాలు మాట్లాడుకుంటాం. మ్యాచ్ ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు. అక్క అక్కడి భాష నేర్చుకుంటోంది. ఈసారి జ్వరమొస్తే ఎక్కడ నొప్పో తనే చెప్పుకుందట.

“మీ అక్క వస్తలేదా?” అని ఓనరమ్మ అడిగింది. రావడం లేదన్నాను.

“అట్లయితే గా రెండో మంచం జర మాకియ్యి బిడ్డా, మా అల్లుడొచ్చిండు.”

అమ్మ పడుకున్న మడత మంచం అది. అక్క వస్తే ఉంటుందని గోడకు ఆనించి పెట్టాను. ఒక పక్క నేను పట్టుకున్నాను, ఒక పక్క ఆవిడ పట్టుకుంది, మెట్ల మీదుగా దించాం. గోడ మీద దాని గీత మిగిలింది.

మొన్నటి ఆదివారం అక్క మఫ్లర్ చుట్టుకుని చెరువు పక్కన నడుస్తూ మాట్లాడింది. ఎవరో ముసలావిడ ఎదురొచ్చి ఏదో అంటే, ఆగి వాళ్ళ భాషలోనే జవాబు చెప్పింది. ఇద్దరూ నవ్వారు. నాకేమీ అర్థం కాలేదు. మళ్ళీ ఫోన్ వైపు తిరిగి అంది:

“మా దగ్గర చలి మొదలైందే. మీ దగ్గర ఎలా ఉంది?”