తలల డబ్బా

మట్టిని పిసికి మనిషిని చేసి, ఆ ముక్కులో తన ఊపిరి ఊదిన దేవుని చేతులకు ముందుగా స్తోత్రం. ఆ చేతుల పనిని చూసి మురిసి, మనకు చేతనైన చిన్న పనులేవో చేసుకునే మనలాంటి వాళ్ళను ఆయన చిరునవ్వుతోనే చూస్తాడని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పోయిన వారం మా చెల్లెలి కొడుకు గదికి వెళ్ళాను. అశోక్ నగర్‌లో కింద కోచింగ్ సెంటరు, దాని పైన హాస్టలు, ఆ పైన వాడి గది. ఉద్యోగం కంప్యూటర్లలో గాని వాడి ప్రాణమంతా బొమ్మల్లో ఉంది. కార్టూన్లలో గాలిలో ఎగిరే వీరుల బొమ్మలు, అరచేతిలో పట్టేంతవి తెప్పించుకుని, ఉన్న రంగు గీకి, కొత్త రంగు వేసి, ముఖం మార్చి, ఇంకెవరి దగ్గరా లేని వీరుణ్ణి తయారుచేసుకుంటాడు. గోడ పొడవునా అద్దాల అలమర, లోపల బొమ్మల వరుస, వాటి మీద సన్నని దీపాలు. నేను తెచ్చిన మామిడికాయ తొక్కు సీసా బల్ల మీద పెట్టి, ఒక ఎర్ర బొమ్మను చేతిలోకి తీసుకున్నానో లేదో, నా బొటనవేలు దానంతట అదే ఆ బొమ్మ గడ్డం కిందికి పోయింది.

"పెద్దమ్మా, జర ఆగు, దాని జిగురు ఇంక ఆరలే, తల ఊడొస్తది" అని వాడు గాభరాగా వచ్చాడు.

ఊడి రావాలనే కదరా నా వేలు పోయింది అనుకున్నాను.

వాడు పాలు తాగే రోజుల్లో మేం చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి వెనక పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన ముషీరాబాద్‌లో బండ్ల నంబరు ప్లేట్లు రాసేవారు, నేను వారమంతా ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు చూసి, ఆదివారం నారాయణగూడలోని మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు కథలు చెప్పేదాన్ని. ఇళ్ళలోకి కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన కాలం కాబట్టి, పిల్లలు ప్రార్థనకు కళ్ళు మూసుకున్నా వాళ్ళ మనసు పొద్దున చూసి వచ్చిన వీరుడి వెంట ఎగురుతూనే ఉండేది. గొర్రెల కాపరి పిల్లవాడు వడిసెల రాయితో మహాకాయుణ్ణి పడగొట్టిన కథ (పేర్లు నేను చెప్పనక్కరలేదు, ఆ బెంచీల మీదే పెరిగిన మీకు తెలుసు) నేను ఎంత అభినయించి చెప్పినా, "టీచర్, ఆయనకు ఎగరొస్తదా?" అని అడిగేవారు.

సరే, మీ వీరుల చేతనే మన కథ చెప్పిస్తాను అనుకున్నాను. చిక్కడపల్లి ఫుట్‌పాత్ మీద అమ్మే ప్లాస్టిక్ వీరులను తెచ్చి, మెడ మెత్తబడేదాకా వేడినీళ్ళలో ఉంచి, తల ఊడదీసి, ఛాతీ మీది గుర్తును బ్లేడుతో గీకి, నల్లాపైపు లీకులకు వాడే ముద్దతో గడ్డాలు పెట్టి, మా ఆయన డబ్బాల అడుగున మిగిలిన రంగును చీపురు పుల్లతో అద్ది కనుబొమలు దిద్దేదాన్ని. ఎవరిని తయారుచేసినా కండలు మాత్రం దాగేవి కావు. అరణ్యంలో మిడతలు తిని బతికిన భక్తుడు కూడా నా చేతిలో పహిల్వానులాగే ఉండేవాడు. అందుకే అందరికీ పాత రవిక ముక్కలతో పొడుగు అంగీలు కుట్టేదాన్ని. ఆ పని చేస్తున్నంతసేపు నాకు ఆకలి తెలిసేది కాదు.

వానాకాలంలో రంగు ఆరదు. మా ముందు గదిలో గోడకు ఒక గూడు ఉండేది. చిక్కడపల్లి ఇళ్ళలో అలాంటి గూడు ఎందుకుంటుందో మీకు తెలుసు, మాకంటే ముందున్నవాళ్ళు అందులో తమ దేవుళ్ళను పెట్టుకునేవారు. దాని మీద ఒక బల్బు కూడా ఉండటంతో, ఆ వేడికి రంగు త్వరగా ఆరుతుందని నా బొమ్మలను అందులో వరుసగా నిలబెట్టి, బల్బు వేసి, వంటలో పడ్డాను. అప్పుడే పక్క పోర్షన్ అక్క పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. గూటి ముందు ఆగి, గిన్నె చంకన పెట్టుకుని, రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుంది. తరువాత దగ్గరికి వంగి చూసింది.

"మీ దేవుడు పచ్చగుంటడా అక్కా?"

అంగీ ఇంకా తొడగని గొర్రెల కాపరి ఆకుపచ్చ బిగుతు బట్టల్లో పిడికిలి ఎత్తి నిలబడి ఉన్నాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను, ఆమె కూడా నవ్వింది. మంచం మీద కూర్చున్న మా అత్తమ్మ మాత్రం నవ్వలేదు.

మా అత్తమ్మ పాలమూరు నుంచి కూలికి వచ్చి, కవాడిగూడ బస్తీలో ఉంటూ, మేస్త్రీల వెనక ఇటుకలు మోస్తూ ప్రభువును తెలుసుకున్న మనిషి. గోడ మీది దేవుళ్ళ పటాలు దించిన రోజు నుంచి పుట్టింటివాళ్ళు ఆమె గడప తొక్కలేదు. అంత పోగొట్టుకుని దూరం పెట్టినది తన కోడలి చేతి మీదుగా మళ్ళీ గూట్లోకి వచ్చి కూర్చుందని ఆమె మనసు విరిగింది. ఆ రోజే బొమ్మలు తీసేశాను గాని, ఆమె నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

సంఘమంతా ప్రభువు పేర రొట్టె పంచుకునే నెల మొదటి ఆదివారం వచ్చింది. ఎవరిమీదైనా మనసులో బాధ ఉంచుకుని ప్రభువు బల్లలో చేయి వేయకూడదని మా సంఘం పద్ధతి. రొట్టె పళ్ళెం మా వరుసకు వచ్చినప్పుడు, జ్వరంలో కూడా ఆ ముక్కను వదలని అత్తమ్మ, దాన్ని తాకకుండా నా చేతికి అందించింది. ఆమె తీసుకోనిది నేనెలా తీసుకుంటాను? నేనూ పక్కవాళ్ళకు ఇచ్చేశాను. మా ఇద్దరి మధ్య నుంచి పళ్ళెం అలా దాటిపోవడం నేను తట్టుకోలేకపోయాను.

ఇంటికి రాగానే బొమ్మల డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను. "పొయ్యిల వెయ్యమంటే వేస్త అత్తమ్మా. మీకంటె ఇవి ఎక్కువ కాదు నాకు."

ఆమె డబ్బాలోంచి మహాకాయుణ్ణి తీసింది. వేడినీళ్ళకు వదులైన మెడ కదా, తల ఊడి ఆమె ఒళ్ళో పడింది.

"అయ్యో, ఇరగ్గొట్టిన్నా బిడ్డా?"

"లేదు అత్తమ్మా, వచ్చేదే అది. మొన్న గీ ఒంటిమీదనే రాజు తల ఉండె."

"గిదే ఒళ్ళా?"

"గిదే."

ఆమె డబ్బాలో వెతికి, గొర్రెల కాపరి చిన్న తలను తీసి ఆ మహాకాయం మీద గుచ్చి, దూరంగా పట్టుకుని చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాక గాని అది నవ్వేనని నాకు తెలియలేదు.

"తలకాయ నిల్వనిదానికి నేను బుగులు పడ్తినా" అని, డబ్బా నా వైపు జరిపింది. "పిల్లలకు చెప్పుకో. చెప్పుడు అయినంక తలలు తీసెయ్యాలె. తలలు ఒక డబ్బాల, ఒళ్ళు ఒక డబ్బాల. గూట్ల మాత్రం పెట్టకు."

ఆనాటి నుంచి అదే మా ఇంటి చట్టం. కథ అయిపోగానే పిల్లలు పోటీపడి తలలు ఊడదీసేవారు. అత్తమ్మ సండే స్కూలు గది తలుపు దగ్గర కూర్చుని ఖాళీ పౌడరు డబ్బా పట్టుకుంటే, కానుక వేసినట్టు ఒక్కొక్కరు వచ్చి అందులో తల వేసి పోయేవారు. అంగీలకు రవిక ముక్కలు పక్క పోర్షన్ అక్కే ఇచ్చేది. గూట్లో అత్తమ్మ కళ్ళద్దాలు, ఉప్పు జాడీ చేరాయి. మరుసటి నెల మొదటి ఆదివారం అత్తమ్మ రొట్టె ముక్క తీసుకుని, పళ్ళెం నాకిస్తూ, "తీస్కో" అని పెదవులు కదిపింది.

ఇదంతా చెబితే మా వాడు పడీపడీ నవ్వాడు. తన బొమ్మల మెడలన్నీ జిగురుతో అతికించి ఉన్నాయని, ఆడుకోవడానికి ఎవరూ ముట్టరని చెప్పాడు. అవి నా బొమ్మల కంటే ఎంతో అందంగా ఉన్నాయి, అందులో అనుమానం లేదు. అత్తమ్మ ప్రభువునందు నిద్రించి చాలా కాలమైంది. ఒళ్ళ డబ్బా ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. తలల డబ్బా మాత్రం నా దగ్గరే ఉంది, ఊపితే గలగలమంటుంది. ఇప్పుడు పిల్లలు మా సంఘంలో తెర మీద కథలు చూస్తారు, చక్కగా అర్థం చేసుకుంటారు. అయిపోయాక వాళ్ళ చేతులకు చేయడానికి ఏమీ ఉండదు, అదొక్కటే వెలితి.

ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ప్రభువా, మా చేతులకు సరదా పని ఇస్తూ ఉండు. మేము చేసుకున్నదాని మీద మాకు మోజు మరీ పెరిగినప్పుడు, దాని తల ఊడదీసి మమ్మల్ని నవ్వించే మనిషిని మా ఇంట్లో ఉంచు. ఆమెన్.