నలుగులా పూసిన క్రీము

మా రూమ్‌లో ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. డెబ్బైల్లో గోదావరి జిల్లా నుంచి మస్కట్ వెళ్ళిన టైమ్‌కీపర్‌ని. సైట్‌లో రేకుల షెడ్డు కింద కూర్చుని అందరికీ హాజరు వేసేవాణ్ణి. ఆ కాస్త నీడకే నాకెంత పొగరో! ఎండలో గోడలు కట్టేవాళ్ళంతా నా లెక్కలో బుర్ర తక్కువవాళ్ళు.

నా పక్క మంచం మీద కరీంనగర్ తాపీ మేస్త్రీ ఉండేవాడు. మూడు వారాల్లో సెలవు మీద ఊరెళ్ళాలి, పెళ్ళిచూపులకు. అబ్బాయిని కళ్ళారా చూశాకే మాటిస్తానని పిల్ల తండ్రి తేల్చి చెప్పాడట. ఇతనేమో రెండేళ్ళ ఎండకు మాడి మసి అయ్యాడు. మత్రా బజారులో ముఖం తెల్లబరిచే క్రీము ట్యూబొకటి కొనుక్కొచ్చి, దాని డబ్బాలోని కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"సారూ, గిండ్ల ఏం రాసిండ్రో జర సదివి చెప్పుండ్రి."

నేను పేకాటలో ఉన్నాను. మొదటి వరుస మీద ఓ చూపు పారేశాను.

"ముఖానికి రాసుకోమన్నాడు, రాసుకో. పాస్‌పోర్టులో ఫొటోకీ నీకూ పోలిక కుదరక విమానం ఎక్కనివ్వరేమో, అదొక్కటే చూసుకో."

రూమంతా నవ్వింది. అతనూ నవ్వాడు, పాపం.

రాసుకోవడమంటే అతనికి తెలిసింది నలుగే. శుక్రవారం సెలవు కదా, పెళ్ళికొడుక్కి పెట్టినట్టు దట్టంగా పట్టించి, బయట ఎండలో కూర్చుని ఆరబెట్టుకున్నాడు. ఆరాక నులిమి రాల్చి, నిమ్మచెక్కతో రుద్ది కడిగాడు. భగ్గున మండింది. మంట పుడితే మందు పట్టినట్టేనని మళ్ళీ పూశాడు. "మంగళస్నానానికి నీళ్ళు కాచమంటావా?" అని గుమ్మంలోంచి అడిగిన పెద్దమనిషిని నేనే. ఆ మర్నాటి నుంచి పూసుకునే డ్యూటీకి వచ్చేవాడు. నాలుగో రోజుకి చెంపలు కమిలి, తోలు లేచి, కళ్ళు వాచిపోయాయి.

క్యాంపు కాంపౌండర్ హైదరాబాదువాడు. మేము తీసుకెళ్ళిన కాగితం విప్పి పైకి చదివాడు. ముందు చెవి వెనక కొంచెం రాసి, ఒక రోజు ఆగి చూడాలి. ఏమీ కాకపోతేనే ముఖానికి, అదీ శనగగింజంత, రాత్రిపూట మాత్రమే. పొద్దున్నే కడిగెయ్యాలి. ఎండ తగలనివ్వకూడదు. దాని మీద ఇంకేదీ రుద్దకూడదు. మండితే వెంటనే మానెయ్యాలి. అన్నీ వరసగా అచ్చేసి ఉన్నాయి, నేను చదవని ఆ అయిదారు వరుసల్లో.

మేస్త్రీ ఒక్కటే అడిగాడు. "పదిహేను దినాలల్ల తగ్గదా సార్?"

"నెలలు పడతయ్. ఎండల డ్యూటీ చేస్తే అదీ చెప్పలేం."

అతను తల దించుకున్నాడు. ఆ సెలవుకి ఊరెళ్ళనే లేదు. పిల్లను ఇంకెవరికో ఇచ్చేశారు. అది తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం కాంపౌండర్ కాగితం మడుస్తూ నా వైపు తిరిగాడు.

"ఇంత సాఫ్‌గ రాసి ఉంది. మీ రూమ్‌ల ఎవరూ సదివి చెప్పలేదా?"

నేను బల్ల మీది మందు సీసాల వైపు చూపు తిప్పుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"సారు మొత్తం సదివి చెప్పిండు" అన్నాడు మేస్త్రీ, వాచిన మొహంతో. "నేనే ఇనలే."

నేను అవునన్నట్టు తలూపాను.